ఏటి తెచ్చినావు?

జొన్నపుట్టు మలుపులో రోడ్డుకు అడ్డంగా దుంగ పడి ఉంది. పడి ఉండడమేమిటి, పడేశారు. చైత్రమాసం, ఇటుకల పండగ రోజులు. మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని అడవికి వేటకు పోతే, ఆడవాళ్ళు రోడ్డెక్కి వచ్చేపోయే ప్రతి బండినీ ఆపి పజ్జోరు పుచ్చుకుంటారు. పండగ మామూలన్నమాట. అది చేతిలో పడేదాకా దుంగ కదలదు. బండిలో కలెక్టరుగారున్నా కదలదు, కోళ్ళ గంప ఉన్నా కదలదు.

ముంచింగిపుట్టు నుంచి వచ్చిన సర్వీసు జీపు ఆ దుంగ ముందు ఆగింది. వెనక ఉల్లిపాయల బస్తాకీ జీపు రేకుకీ మధ్య ఇరుక్కుని కూర్చుంది రమణి. మెల్‌బోర్న్ నుంచి విశాఖ దాకా, విశాఖ నుంచి ఇక్కడిదాకా ఆమె ఒకే మాట అనుకుంటూ వచ్చింది. దిగగానే అనేయాలి. "అత్తా, నన్ను తీసేసినారు." మూడే ముక్కలు.

"ఎవులే అందులోన?" అంటూ జీపులోకి తల పెట్టింది సోములమ్మ. ఆమె మనిషి జానెడు, గొంతు బారెడు. రమణికి మేనత్త. తల్లీతండ్రీ ఒక ఏడాది తేడాలో పోతే ఐదేళ్ళ పిల్లను చంకనేసుకుని తెచ్చి పెంచిన మనిషి. "ఒలే! మన రమణే! ఒలే, రండే, మన గుంట వచ్చీసింది!"

పాతికమంది ఆడవాళ్ళు జీపును కమ్మేశారు. చెయ్యి పట్టి లాగేవాళ్ళు, బుగ్గలు పుణికేవాళ్ళు, పాట అందుకునేవాళ్ళు. "ఆస్ట్రేలియా నుంచొచ్చినోళ్ళకి పజ్జోరు రెండింతలు," అని ఎవరో అంటే అందరూ నవ్వారు. రమణి నోరు తెరిచింది. అప్పుడు దుంగకు అవతల కట్టిన ఫ్లెక్సీ కనబడింది. అందులో తనే. క్లబ్బు చొక్కా, చంకలో కోలబంతి, తల వెనక సూర్యుడు. "ఏజెన్సీ ఆడపులికి స్వాగతం" అని అడుగెత్తు అక్షరాలు. కింద తన ఫొటో కంటే పెద్దగా సర్పంచి జగదీష్ ఫొటో, రెండు చేతులూ జోడించి.

తెరిచిన నోరు మూసుకుంది.

ఆ కోలబంతి కథ అనాసపండ్ల దగ్గర మొదలైంది. రమణికి పన్నెండేళ్ళప్పుడు సంత రోజున పిల్లలంతా వరసగా నిలబడి గట్టు మీద నుంచి జీపులోకి అనాసలు విసిరేవాళ్ళు. అనాసను పట్టడం అందరికీ రాదు. గుండెకు ఆనించి పడితే చర్మం లేచిపోతుంది. వేళ్ళతో, గాలిలోనే, మెత్తగా అందుకోవాలి. రమణి ఎగిరి ఒంటిచేత్తో అందుకునేది. అది చూశాడు ఆశ్రమ పాఠశాల పీఈటీ రోనాల్డ్ సారు. పార్వతీపురం మనిషి, ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, మిగతా ఆరు రోజులూ ఈల ఊదుతాడు. ఎక్కడో శిక్షణకు వెళ్ళి ఆస్ట్రేలియా వాళ్ళ వింత ఆట ఒకటి నేర్చుకొచ్చాడు. ఫుట్‌బాల్ అంటాడు, చేత్తో పడతారు. బంతి గుండ్రంగా ఉండదు. విసరకూడదు, కాలితో తన్నాలి, లేదా పిడికిలితో గుద్దాలి. పక్కవాళ్ళ వీపెక్కి ఎగిరినా తప్పు లేదు. నాలుగు గెడలు పాతుతారు. మధ్య రెంటిలోంచి పోతే ఆరు పాయింట్లు. గురి తప్పి పక్క గెడల మధ్యలోంచి పోయినా ఒక పాయింటు ఇస్తారు.

"తప్పినా ఇత్తారేటి?" అని అప్పట్లో సోములమ్మ ఆశ్చర్యపోయింది. "మంచోళ్ళేనే."

ఆ మంచివాళ్ళ దగ్గరికే పోయింది రమణి. జిల్లా, రాష్ట్రం, దేశం జట్టు దాటి, ఒక పోటీకి ఆస్ట్రేలియా వెళితే అక్కడొక క్లబ్బు వాళ్ళు ఆ ఎగురుడు చూసి ఆపేశారు. రెండేళ్ళు చిన్న జట్టులో ఆడించి, ఇరవయ్యో ఏట తమ లిస్టులో రాసుకున్నారు. లిస్టులో పేరుందంటే జీతం, చొక్కా, నెంబరు. మొదటి సీజనులో ఏడు మ్యాచ్‌లు ఆడింది. ఊరంతా సిగ్నలు దొరికే బండ మీదికెక్కి జగదీష్ ఫోన్లో చూసేది. రెండో సీజను రెండో మ్యాచ్‌లో ఎగిరి దిగినప్పుడు మోకాలిలో లిగమెంటు తెగింది. ఆపరేషను, తొమ్మిది నెలల కసరత్తు. మూడో సీజనులో మూడు మ్యాచ్‌లు. కాలు కుదిరింది కానీ ఎగరబోయే ముందు ఒక్క లిప్తపాటు ఆలోచించడం మొదలుపెట్టింది. ఆ లిప్తపాటులో బంతి ఇంకొకరి చేతిలో ఉండేది.

డిసెంబరులో పిలిచారు. మెత్తటి సోఫా, మంచి కాఫీ, బల్ల మీద ముందే సిద్ధంగా పెట్టిన టిష్యూ డబ్బా. కోచ్, ఆమె పక్కన లిస్టు చూసే ఆయన. ఒక్కరూ గొంతు పెంచలేదు. నువ్వు మా కుటుంబంలో మనిషివి, ఈ తలుపు నీకెప్పుడూ తెరిచే ఉంటుంది అన్నారు. పదకొండు నిమిషాల్లో అయిపోయింది. ఆ వచ్చే సోమవారం లాకరులో మరిచిపోయిన చెప్పుల కోసం వెళితే, ఆమె కార్డుకు ఆ తలుపు తెరుచుకోలేదు. మూడు నెలలు ఒక కాఫీ కొట్లో కప్పులు కడుగుతూ ఇంకో రెండు క్లబ్బుల చుట్టూ తిరిగింది. వాళ్ళూ మర్యాదగానే కాదన్నారు. వీసా అయిపోయింది. ఇదంతా ఎవరికీ చెప్పలేదు. పండగ సెలవు ఇచ్చారు, వస్తున్నా అని మాత్రం అత్తకు ఫోన్ చేసింది. ఆ ఒక్క అబద్ధానికే ఈ ఫ్లెక్సీ.

"రేపు సాయంత్రం నీకు సన్మానం," అంది సోములమ్మ, ఇంటికి నడుస్తూ. "రోనాల్డ్ సారు పదారు మంది గుంటల్ని తెత్తన్నాడు, నీలాగ ఆడతారంట. వాళ్ళ అమ్మాబాబులకి నమ్మకం కలగాలంట. రమణిని సూడండి, అక్కడ మనకి చోటుంది అని సెప్తాడంట."

"ఎందుకత్తా ఇవన్నీ?"

"నేనేటి సేత్తానే? జగదీషు సాలువా కూడా కొనీసినాడు." ఆగి, రమణిని ఎగాదిగా చూసింది. "సిక్కిపోనావు. తిండి పెట్టలేదేటి ఆళ్ళు?"

పెట్టారని చెప్పింది రమణి. అది నిజమే.

పొద్దు వాలేసరికి ఆడవాళ్ళంతా ఊరి మొగదల చేరి దారికి అడ్డంగా గీత గీశారు. ప్రతి చేతిలో కుండో, బకెట్టో, తప్పేలానో. అన్నిటిలో పేడనీళ్ళు. ఇటుకల పండగలో వేటకు పోయినవాడు ఉత్త చేతులతో వస్తే పేడనీళ్ళు పోస్తారు. కనీసం ఒక పిట్టయినా, అడవి ఎలుకయినా ఉండాలి. ఈ రోజుల్లో అడవిలో ఏముంది? ఉన్నవాటిని ముట్టుకుంటే ఫారెస్టు వాళ్ళు ఊరుకోరు. కాబట్టి ఆడవాళ్ళకు పని గ్యారంటీ.

కొండ దారిలో మొదట దిగింది మంగ్లు. సోములమ్మ కొడుకు, రమణికి బావ. విల్లు భుజాన, చేతులు ఊపుకుంటూ, పెళ్ళివారింటికి వస్తున్నంత దర్జాగా వచ్చి గీత ముందు ఆగాడు.

"ఏటి తెచ్చినావురా?" అని అరిచింది కన్నతల్లి.

"ఏటీ తేలేదు."

"ఏటీ తేనోడివి ఏ మొకం పెట్టుకొని వచ్చినావురా!" అంటూ కుండ మొత్తం నెత్తిన గుమ్మరించింది. ఆ వెనక పాతికమంది. ఒక్కొక్కరూ ఒక్కో తిట్టు. పాటలో పెట్టి మరీ తిట్టారు. మంగ్లు రెండు చేతులూ చాచి నిలబడి పోయించుకున్నాడు. అతని వెనక తొమ్మిది మందీ అంతే.

బోరింగు దగ్గర అతను ఒళ్ళు కడుక్కుంటుంటే రమణి నీళ్ళు కొట్టింది.

"సిగ్గుండదా బావా?"

"ఎందుకుండదు? కొండ దిగినంతసేపూ ఉంటాది. ఇంటికి పోవాలనిపించదు," అన్నాడు మంగ్లు చెవిలోంచి పేడ తీసుకుంటూ. "పేడ పడేదాకానే. పడ్డాక కంపొకటే ఉంటాది. కంపు కడిగీసుకోవచ్చు కదా."

"ఎవులూ తప్పించుకోరా?"

"నిరుడు ధర్మగాడు తప్పించుకున్నాడు," అంటూ మంగ్లు అప్పుడే నవ్వడం మొదలుపెట్టాడు. ధర్మ నిరుడు వేట నుంచి ముందే జారుకుని, ముంచింగిపుట్టు పోయి, ఒక కోడిని కొని, దానికి బాణం గుచ్చి, అడవికోడి కొట్టానని తెచ్చాడట. ఆడవాళ్ళు డప్పు కొట్టి ఊరేగించారు. తీరా కోయబోతే తెల్లటి బ్రాయిలర్ కోడి. మసి పూశాడు. "కడిగేటప్పుడు నల్లనీళ్ళు కారినాయి. అప్పుటి నుంచి ఆడు బ్రాయిలర్ ధర్మ. పేడ పోసినోళ్ళని తెల్లారే పేరు పెట్టి పిలుత్తాం, మళ్ళీ ఏటకి రా అని. అది పద్దతి. ధర్మగాడికి పేడ పడలేదు కదా. అందుకని ఆణ్ణి పిలవం, ఆడోళ్ళూ ఆడి మీద పేడ పొయ్యరు. ఆడే ఎనకాల పడి వత్తాడు, పాపం."

రమణి నవ్వబోయింది. నవ్వు రాలేదు. ఈ ఏడాది బ్రాయిలరు ఎవరో ఆమెకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

మర్నాడు మధ్యాహ్నం రోనాల్డ్ సారు దిగాడు. జుట్టు నెరిసింది, ఈల అదే. ఆయన వెనక పదహారుమంది ఆడపిల్లలు, కాళ్ళకు రంగు రంగుల చెప్పులు, అందరి మధ్యా ఒకే ఒక పాత బంతి. వాళ్ళలో ఇద్దరి తండ్రులు కూడా వచ్చారు, చూసి పోదామని. సారు రమణి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నేను దేవుణ్ణి పెద్దగా ఏమీ అడగలేదమ్మా. ఒక్కరు అక్కడ నిలబడితే చాలన్నాను," అన్నాడు. కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "నిలబడ్డావు."

సార్ అని మొదలుపెట్టింది రమణి. ఈలోగా జగదీష్ వచ్చి మైకు పని చేస్తోందా అని అడిగాడు. పని చేస్తోంది. అదే అతని దిగులు, కరెంటు పోయేలోగా సన్మానం అయిపోవాలి. "ముందు ఏటగాళ్ళు రావాలి. మొదటి కుండ రమణి చేత పోయిద్దాం. వీడియో తీద్దాం. తరవాత సాలువా," అని క్రమం చెప్పాడు.

మొదటి కుండ అంటే చిన్న మాట కాదు. ఊళ్ళో పెద్ద ముత్తైదువే పోయాలి. ఏళ్ళ తరబడి అది సోములమ్మ హక్కు. ఆమె ఆ కుండను తెచ్చి మేనకోడలి చేతిలో పెట్టింది. "నువ్వు గెలిచొచ్చినావు. నీ సెయ్యి మంచిది," అంది. ఆ గొంతులో ఉన్న గర్వం రమణిని మోకాలి నొప్పి కంటే ఎక్కువ బాధ పెట్టింది.

ఎండ పచ్చబడింది. మంగ్లు దిగాడు. వెనక మిగతావాళ్ళు, అందరికంటే చివర ధర్మ. అందరివీ ఉత్త చేతులే. మంగ్లు గీత ముందు నిలబడి, మరదలి చేతిలో కుండ చూసి, "పొయ్యి పొయ్యి, గురి సూసి పొయ్యి," అని కళ్ళు మూసుకున్నాడు. ఆడవాళ్ళు పాట అందుకున్నారు. జగదీష్ ఫోను ఎత్తాడు.

రమణి కుండ పైకెత్తింది. మంగ్లు ముఖం మీద చిన్న నవ్వు ఉంది. పొద్దున్న నాలుగింటికి లేచి, రోజంతా కొండలెక్కి దిగి, ఏమీ దొరకక, దొరకలేదని చెప్పడానికి తిన్నగా ఊళ్ళోకి నడిచి వచ్చిన మనిషి. ఆ మనిషి మీద తను పేడ పోయాలి! ఏ ముఖంతో?

కుండ కింద పెట్టేసింది. గీత దాటి వెళ్ళి మంగ్లు పక్కన నిలబడింది.

పాట ఆగింది.

"ఏటే అది? ఆడగుంటవి, అటెళ్ళినావేటి?" అంది సోములమ్మ.

"నన్నడుగత్తా."

"ఏటడగాలే?"

"ఆళ్ళనడిగినట్టే అడుగు."

సోములమ్మ చుట్టూ చూసింది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. చివరికి ఆమె, ఆట అనుకుందో ఏమో, నవ్వుతూనే అడిగింది. "ఏటి తెచ్చినావే?"

"ఏటీ తేలేదు." అంది రమణి. అక్కడితో ఆపలేదు. "నన్ను తీసేసినారత్తా. డిసెంబర్లోనే తీసేసినారు. లిస్టులో నా పేరు నేదు. సెలవని నీకు అబద్దం సెప్పినాను. ఇంక నన్ను ఆడమని ఎవులూ పిలవరు."

జగదీష్ ఫోను దించాడు. రోనాల్డ్ సారు కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు కానీ తుడవలేదు. పిల్లల తండ్రులిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆడవాళ్ళ చేతుల్లో బకెట్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి. "అయ్యో తల్లీ," అంది ఎవరో, మెత్తగా. "పోన్లే అమ్మా, పోన్లే," అంది ఇంకొకామె.

రమణి తలెత్తింది. అదే గొంతు. ఆ సోఫా గదిలో విన్న గొంతే. ఇక్కడ కూడా కాఫీ ఇచ్చి పంపేస్తారా? జాలిపడి, భోజనం పెట్టి, చాటున మాట్లాడుకుని, పేరెత్తకుండా తిరుగుతారా? అప్పుడు తను ఎక్కడికి పోవాలి? ఇది కాక ఇంకో ఊరు లేదు ఆమెకు. చూపు నేల మీద పెట్టుకుని నిలబడింది.

సోములమ్మ కదల్లేదు. ఆమె ముఖం ముందు తెల్లబోయింది, తరవాత నల్లబడింది, ఆ తరవాత ఎర్రబడింది. వంగి కింద ఉన్న కుండ ఎత్తింది.

"డిసెంబర్లో తీసేత్తే సైత్రంలోనా సెప్పడం?" అంది. గొంతు బారెడు కాదు, కొండ దాటింది. "నాలుగు నెల్లు! నాలుగు నెల్లు ఒక్కదానివీ కడుపులో పెట్టుకొని తిరిగినావా? నేను సచ్చిపోనానేటే? ఏటీ తేనిదానివి ఏ మొకం పెట్టుకొని వచ్చినావే!"

కుండెడు పేడనీళ్ళూ రమణి నెత్తిన పడ్డాయి.

చల్లగా, చిక్కగా, కళ్ళలోకి, ముక్కులోకి, చొక్కాలోకి, సన్మానం కోసం తొడిగిన ఆట బూట్లలోకి. ఊపిరాడలేదు. ఊపిరి తీసుకునేలోగా రెండో బకెట్టు. మూడోది. ఆడవాళ్ళకు గొంతులు వచ్చేశాయి. ఇమానమెక్కి పోయి ఎలకపిల్లయినా తేలేకపోనావా అని ఒకామె, కంగారూ తోకైనా కోసుకు రాలేదా అని ఇంకొకామె, ఉత్త మోకాలు ఇరగ్గొట్టుకొచ్చినావని మరొకామె, అప్పటికప్పుడు పాట కట్టేశారు. రమణి ఏడుస్తోంది. వెక్కివెక్కి ఏడుస్తూ, మధ్యలో నవ్వు వచ్చి, నోట్లో పేడ పోయి, ఉమ్మి, మళ్ళీ ఏడ్చింది. డిసెంబరు నుంచి ఆమెను ఒక్కరూ తిట్టలేదు. ఎంత ఆకలితో ఉందో ఆ తిట్టు కోసం!

మంగ్లుకూ మిగతావాళ్ళకూ కూడా పోసి అందరూ అలిసిపోయాక, వరస చివరి నుంచి ధర్మ వచ్చి గీత ముందు నిలబడ్డాడు. "నాది నిరుటిది కూడా బాకీ ఉంది," అన్నాడు తల గోక్కుంటూ. బకెట్లన్నీ ఖాళీ. ఆడవాళ్ళు అతని కోసం మళ్ళీ పేడ కలుపుకు రావలసి వచ్చింది.

సన్మానం జరగలేదు. శాలువా జగదీష్ చేతిలోనే ఉండిపోయింది. పిల్లల తండ్రులిద్దరూ వెళ్ళడానికి లేచారు, సారు వాళ్ళతో ఏదో చెబుతున్నాడు. బోరింగు దగ్గర సోములమ్మ రమణి వీపు తోముతుంటే, పదహారుమందిలో ఒక సన్నటి పిల్ల దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఎన్ని మేచ్‌లు ఆడినావు నువ్వు అక్కడ?"

"పన్నెండు."

"పన్నెండా!" అంది ఆ పిల్ల, కళ్ళు పెద్దవి చేసి, మిగతా వాళ్ళ దగ్గరికి పరిగెత్తింది. "ఒలే, పన్నెండంట!"

రమణి ఆ అంకెను ఇన్నాళ్ళూ చాలా చిన్నదిగా చూసింది.

"తప్పినా ఒకటిత్తారన్నావు కదే?" అంది సోములమ్మ వెనక నుంచి.

"ఆటలో ఇత్తారత్తా. బయట ఇవ్వరు."

"సరే, తల ఒంచు," అని సోములమ్మ చెంబెడు నీళ్ళు పోసింది. చెవుల వెనక ఆరిన పేడను వేలితో గీకి తీసింది.

తెలతెలవారుతుండగా వీధిలో కేక వినబడింది. వేటగాళ్ళను పిలిచే కేక. మంగ్లు నిన్న పేడ పడ్డవాళ్ళ ఇళ్ళ ముందు ఆగి ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుస్తున్నాడు. వేటగాళ్ళ పేర్లు వరసగా వచ్చాయి. ధర్మ పేరు కూడా వచ్చింది, పక్కన బ్రాయిలర్ అనే తోక లేకుండా. రమణి చాప మీద కళ్ళు తెరిచి పడుకుని వింది. అడుగులు తమ గుమ్మం ముందు ఆగాయి.

"రమణీ! రమణీ, లేచినావా? బేగి రా!"

"ఆడగుంటకి ఏట పిలుపేటిరా?" అంది సోములమ్మ లోపలి నుంచి, నిద్ర గొంతుతో.

"అడివికో గ్రౌండుకో, దాని ఇష్టం. రాత్రి ఒక్కరూ ఇంటికి పోలేదు, గ్రౌండు కాడ సారూ పదారు మంది గుంటలూ నిలబడిపోయున్నారు," అన్నాడు మంగ్లు. "పిలవడమైతే పిలవాలి కదా. నిన్న నువ్వే పోసినావు పేడ."

లోపల చాప చుట్టిన చప్పుడయింది.

"బూట్లు కడిగి చూరు కింద ఎట్టినాను," అంది సోములమ్మ. "ఇంకా తడిగానే ఉంటాయి. తొడుక్కెళ్ళు."